ఎండుచేప బరువు

మా నూకాలమ్మ పెద్దమ్మ చెప్పిన మాటకు తక్కెడ ఇరవై ఏడు చూపించింది. అరవై రావాలి.

నేను అద్దం ఇవతల నిలబడి ఉన్నాను. మామూలుగా యంత్రం నడిపేది నేనే. అర్జీదారు మా బంధువని ముందురోజే రాసిచ్చాను కాబట్టి ఆ కుర్చీలో ఫిరోజ్ కూర్చున్నాడు. అతను అంకె చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ అంకె చూశాడు. తర్వాత రబ్బరు స్టాంపు అందుకున్నాడు.

లోపల పెద్దమ్మ తలమీద తీగల టోపీతో అలాగే కూర్చుని ఉంది.

"ఏటైనాది బాబూ? ఏటైనా తప్పు సెప్పినానా?"

"లేదమ్మా. అయిపోయింది, లేవండి," అన్నాడు ఫిరోజ్. కాగితం మీద మాత్రం ఇంకోలా పడింది. 'చూసినది కాదు, నేర్చినది.'

మా తక్కెడ అబద్ధాలు పట్టే యంత్రం కాదు. దాన్ని కనిపెట్టిన డాక్టర్ భారవి గారు ప్రతి సభలోనూ ముందు ఈ మాటే చెబుతారు. మనిషి స్వయంగా అనుభవించినది చెబుతుంటే మెదడులో ఒకచోట వెలుగుతుంది. విని వంటబట్టించుకున్నది చెబుతుంటే ఇంకోచోట వెలుగుతుంది. ఆ రెంటిలో ఏది ఎంతో చెప్పడమే దాని పని. ఆయన దానికి పెట్టిన పేరు చాలా పొడుగు. మేమంతా తక్కెడ అనేవాళ్లం.

తీరదేశాల హక్కుల మండలి గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. పదకొండు దేశాలు ఒప్పందం రాసుకుని పెట్టుకున్న మండలి అది. ఏ ప్రభుత్వమైనా మనిషిని మాయం చేసినా, ఎన్నికను మింగేసినా, నోరు నొక్కినా బాధితులు నేరుగా మా విశాఖ కార్యాలయానికి అర్జీ పంపుకోవచ్చు. ముప్ఫై ఏళ్లలో రెండు లక్షల పద్నాలుగు వేల అర్జీలు పేరుకున్నాయి. ఏడాదికి విన్నవి మూడు వందలు. ఇలా అయితే మండలిని మూసేయడం నయమని దేశాలన్నీ అన్నాయి. సంస్కరణ కావాలని పత్రికలూ రాశాయి. ఆ సంస్కరణే తక్కెడ. ముందు సాక్షిని తూయాలి, అరవై దాటితేనే అర్జీ విచారణకు వెళ్లాలి. ఏడాదిగా ప్రయోగం నడుస్తోంది. ఇంకో ఎనిమిది రోజుల్లో వార్షిక సభ ఓటు వేస్తే అదే శాశ్వత నిబంధన. ఓడిన సాక్షికి ముప్ఫై రోజుల్లో ఒక్కసారి మళ్లీ కూర్చునే వీలుంది. అప్పుడూ ఓడితే అర్జీ మూతపడుతుంది, ఇంక ఎప్పటికీ తెరవరు.

పెద్దమ్మ అర్జీ పదకొండేళ్ల నాటిది. మా ఎర్రముక్కాం నుంచి ఐదు జంటలు ఒక ద్వీపదేశంలో ఎండుచేపల కళ్లంలో పనికి వెళ్లాయి. పట్టపగలు ఒక వ్యాను వచ్చి ఐదుగురు మగవాళ్లను ఎక్కించుకుపోయింది. అలాంటివాళ్లెవరినీ మేము పట్టుకోలేదని ఆ ప్రభుత్వం అంటుంది. వాళ్లలో మా పెదనాన్న దానయ్య ఒకడు.

* * *

ఆ సాయంత్రం పెద్దమ్మను నా క్వార్టర్‌కు తీసుకొచ్చాను. అన్నం పెట్టాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. నా పరీక్ష ఫీజులకు పెద్దమ్మ తలమీద చేపల తట్ట ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలుసు. అయినా ఆ ఇరవై ఏడు నా బుర్రలోంచి పోవడం లేదు. ఏడాదిలో నేను తొమ్మిది వేల మందిని తూశాను. ఇరవై ఏడు ఎవరికి వస్తుందో నాకు తెలుసు. లాయరు నేర్పిన మాట అప్పజెప్పేవాళ్లకి వస్తుంది.

పైగా మా ఊళ్లో ఒక అలవాటు ఉంది. కళ్లం నుంచి తిరిగొచ్చిన ఐదుగురు ఆడవాళ్లూ శుక్రవారం సాయంత్రం వలలు బాగుచేస్తూ కూర్చుంటారు. అప్పుడు ఒకరి సంగతి ఇంకొకరు చెబుతారు. 'ఆమె చూసింది' అనరు, 'నేను చూశాను' అనే చెబుతారు. చిన్నప్పుడు వాళ్ల మధ్య కూర్చుని వలదారం అందించినదాన్ని నేను. ఏ సంగతి ఎవరిదో తెలిసేది కాదు. తర్వాత ఎర్రయ్యమ్మత్త, ఇంకొకరు పోయారు. వాళ్ల మాట మిగిలిన ముగ్గురి నోట్లో ఉంది.

"పెద్దమ్మా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ వ్యాను నువ్వు చూశావా? లేకపోతే ఎర్రయ్యమ్మత్త చూసింది నువ్వు చెబుతున్నావా?"

పెద్దమ్మ కలిపిన ముద్ద కంచంలో పెట్టేసింది.

"నువ్వూ అడుగుతున్నావేటే గుంటా?"

"తక్కెడ అడుగుతోంది."

"తక్కెడ నన్నడగనేదు. నువ్వే అడిగినావు." కంచం పక్కకి జరిపింది. తర్వాత గొంతు మార్చింది. చేపలు బేరమాడే గొంతు అది. "సరే. మీ తక్కెడ ధర్మం సూసినారా?"

"అంటే?"

"సంతలో కొత్త తక్కెడొస్తే మేమేటి సేస్తాం? ముందర మాకు బరువు తెలిసిన సరుకేసి సూస్తాం. అది సరిగ్గా తూగితే అప్పుడు మా సేపలేస్తాం. మీరేటేసి సూసినారు?"

చూశాం. ఆ పని నాదే. యూనివర్సిటీకి వెళ్లి ఆరు వందల మంది పిల్లల్ని కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికి క్యాంటీన్ కూపను ఇచ్చి, వారం లోపల తమకు జరిగినది ఏదో ఒకటి చెప్పమన్నాను. బస్సులో పర్సు పోయినవాడు, హాస్టల్ మెట్ల మీద జారిపడ్డ పిల్ల, ఇలాంటివే. అందరికీ డెబ్బై పైనే వచ్చింది. ఆ లెక్క చూసే అరవై గీత గీశారు. ఆ కాగితం కింద సంతకం నాది.

అదే చెప్పాను. పెద్దమ్మ నన్ను జాలిగా చూసింది.

"పచ్చి సేప తూసి, ఎండు సేపకి గీత గీసినారన్నమాట. ఎండితే బరువు తగ్గిపోద్ది కదే. అలాగని అది సేప కాదంటారేటి?"

"మాట ఎండడమేంటి పెద్దమ్మా?"

"ఎన్నిసార్లు సెప్పించినారో నీకేటి తెలుసు? టేసన్లో సెప్పినాను. కలట్రాపీసులో సెప్పినాను. మత్స్యశాకోడికి సెప్పినాను. పేపరోడు రెండుమాట్లు ఏడ్వమన్నాడు, పోటో సరిగ్గా రానేదని. సెప్పి సెప్పి నాకే అరిగిపోనాదే ఆ మాట."

* * *

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే ప్రయోగశాలకు వెళ్లాను. టోపీ నేనే పెట్టుకుని ఫిరోజ్‌ను కుర్చీలో కూర్చోమన్నాను. డిగ్రీ ఫలితాల రోజు మా నాన్న నా మార్కుల కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని పది నిమిషాలు చూసిన సంగతి చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, నాన్నకి చిన్నతనంగా ఉంటుందని. ఎనభై ఒకటి వచ్చింది.

తర్వాత నాలుగు రోజులు అదే సంగతి కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాను. వంట మనిషికి, ఆటో అతనికి, అద్దం ముందు నాకు నేనే. నాలుగో రోజు మళ్లీ టోపీ పెట్టుకున్నాను. నలభై నాలుగు.

ఫిరోజ్ తెర వైపు చూస్తూ అన్నాడు, "అంకె ఇలా పడిపోయిన సంగతి ఇంకెవరికైనా చెప్పావా కళా?"

"లేదు. ఎందుకు?"

"ఊరికే అడిగా."

ఊరికే అడిగాడో లేదో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నుంచి పాత కొలతల ఫైళ్లు నాకు తెరుచుకోవడం మానేశాయి. 'అనుమతి లేదు' అని తెర మీద పడుతోంది. నా సంతకం ఉన్న ఫైలు నాకే తెరుచుకోదు. ఫిరోజ్ నాతో టీకి రావడం కూడా మానేశాడు. అతనే చెప్పాడా, లేక నన్ను ఇంకెవరైనా చూస్తున్నారా అన్నది ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను.

నేరుగా భారవి గారి గదికి వెళ్లాను. ఆయన మంచివాడు. ఉద్యోగంలో చేరినప్పుడు నా ఇంగ్లీషు చూసి ఎవరూ నవ్వకుండా తన పక్కన కూర్చోబెట్టుకున్నవాడు.

"సార్, చెప్పేకొద్దీ అంకె పడిపోతోంది. మీకు తెలుసా?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"తెలుసమ్మా. నివేదికలో రాశాను కూడా. ఐదో అనుబంధం, నూట నలభయ్యో పేజీ."

"దేశాలకు పంపిన పుస్తకంలో నాలుగు అనుబంధాలే ఉన్నాయి సార్. నేనే పార్శిళ్లు కట్టాను."

"అలాగా?" అన్నారు. ఆ 'అలాగా'లో ఆశ్చర్యం లేదు.

"ఎవరు తీశారు?"

ఆయన తలుపు వైపు చూశారు. తలుపు వేసే ఉంది. అయినా గొంతు తగ్గించారు. "ముద్రణ సంఘం చూసుకుంది. ఆ సంఘానికి ఈ ఏడాది ద్వీపదేశం ప్రతినిధి పెద్ద. అంతకంటే నాకు తెలియదు, తెలుసుకోలేదు కూడా. చూడు కళావతీ, రెండు లక్షల మంది గుమ్మంలో ఉన్నారు. ఏదో ఒక జల్లెడ కావాలి. జల్లెడలో కొన్ని మంచి గింజలు కూడా పోతాయి."

"పోయేవి కొన్ని కాదు సార్. ఎక్కువ కాలం ఎదురుచూసినవాళ్లే పోతున్నారు. మనమే ఆలస్యం చేశాం. మనమే పదిసార్లు చెప్పించాం. ఇప్పుడు అరిగిపోయిందని మనమే వెనక్కి పంపుతున్నాం."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. నేను బయటికి వస్తుంటే అన్నారు, "సభలో తక్కెడ ప్రదర్శన నువ్వే చేస్తున్నావుగా? గుమస్తా సుందరాన్ని కూర్చోబెట్టు. ఉదయం ఏం తిన్నాడో చెప్పించు. అంతే చాలు."

అది హెచ్చరికో, సలహానో, లేక పెద్దమ్మ చెప్పిన పచ్చిచేప మాటే ఇంకో రకంగా చెప్పడమో నాకు అర్థం కాలేదు.

* * *

తెలిసిన బరువు వేసి చూడాలి. మండలిలో అందరికీ తెలిసిన బరువు ఒక్కటే ఉంది.

మా అధ్యక్షులు గుణతిలక గారికి డెబ్బై ఆరేళ్లు. చదువుకునే రోజుల్లో ఆయన దేశంలో సైన్యం పాలన వచ్చింది. ఆయన్ని నలభై ఒక్క రోజులు చెరలో పెట్టింది. పక్కన ఉన్న ముసలి ఖైదీ తన సబ్బు బిళ్లను దారంతో రెండు ముక్కలు కోసి, 'ఇది అరిగేలోపల నువ్వు బయటికి పోతావు' అని ఒక ముక్క ఇచ్చాడట. ప్రతి ఏటా స్థాపన దినాన ఆయన ఆ సంగతి చెబుతారు. అది చెబుతుంటే గుమస్తాలు కూడా పెదాలు కదుపుతారు. ఆ జైలు రిజిస్టరు నకలు, ఆయన పేరుతో, మా మెట్ల దగ్గర అద్దాల పెట్టెలో ఉంది.

సభ రోజు పదకొండు జెండాల కింద ప్రతినిధులు కూర్చున్నారు. సుందరం కుర్చీ వైపు వస్తున్నాడు. నేను మైకు దగ్గరికి వెళ్లాను.

"అయ్యా, గుమస్తా గారు ఉదయం ఇడ్లీ తిన్నారా పూరీ తిన్నారా మీకెవరికీ తెలియదు. మీ అందరికీ నిజమని తెలిసిన సంగతి తూస్తే తక్కెడ మీద గురి కుదురుతుంది. అధ్యక్షుల వారు కూర్చుంటారా?"

హాల్లో నవ్వులు. ఆయన కూడా నవ్వారు. "నా సబ్బేనా? ఇంకా అరగలేదా అది?" అంటూ లేచి వచ్చారు. టోపీ నేనే పెట్టాను. ఆయన తెల్లజుట్టు పల్చగా, చంటిపిల్ల జుట్టులా ఉంది. సంగతి మొత్తం చెప్పారు, ఎప్పుడూ చెప్పే మాటల్లోనే.

పెద్ద తెర మీద పందొమ్మిది వచ్చింది.

కింద ఎర్ర అక్షరాలు. 'చూసినది కాదు, నేర్చినది.'

నేను గబగబా చెప్పాను. రిజిస్టరు కింద ఉంది, ఆయన చెరలో ఉన్నది నిజం, తప్పు తక్కెడది, కొలత పెట్టిన నాది, ఐదో అనుబంధంలో ఉంది, తెప్పించి చూడండి. వాళ్లు తక్కెడను అనుమానిస్తారని నేను అనుకున్నాను. చదువుకున్నవాళ్లు కదా, ఎదురుగా రుజువు కనబడితే ఒప్పుకుంటారని అనుకున్నాను.

ద్వీపం ప్రతినిధి లేచి కోటు సర్దుకున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అధ్యక్షుల వారు చెరలో లేరని ఎవరూ అనడం లేదు. కానీ ఆ సబ్బు... మా ప్రభుత్వానికి ఎప్పటినుంచో చిన్న సందేహం ఉంది. ఇంత పెద్ద పదవి ఆ కథ మీద వచ్చింది కదా. యంత్రానికి మొహమాటం ఉండదు. ఇవాళ అది తన విలువ చూపించుకుంది."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొందరు కొట్టారు. నేను గుణతిలక గారి వైపు చూశాను. ఆయన తెర వైపు చూడటం లేదు. కుడి అరచెయ్యి తెరిచి, అందులో ఏదో ఉండాలి అన్నట్టు చూసుకుంటున్నారు.

"దారంతోనే కోశాడు," అన్నారు నాకు మాత్రమే వినబడేలా. అరచెయ్యి మూసుకుని, "కోశాడనుకుంటాను," అన్నారు.

ఎనిమిది ఓట్లు సంస్కరణకు, మూడు వ్యతిరేకంగా. సాయంత్రానికి ఆయన రాజీనామా ఇచ్చారు. నన్ను విచారణ తేలేదాకా ఉద్యోగంలోంచి నిలిపివేశామని కాగితం వచ్చింది. దాని మీద భారవి గారి సంతకం ఉంది.

* * *

శుక్రవారం ఎర్రముక్కాం వెళ్లాను. పెద్దమ్మ మళ్లీ తక్కెడ ముందు కూర్చోవడానికి పందొమ్మిది రోజులే గడువు ఉంది.

ముగ్గురూ అరుగు మీదే ఉన్నారు, వల పరుచుకుని. పెద్దమ్మ, పైడితల్లత్త, బోడెమ్మ. చేతులు ఆడుతున్నాయి. నోళ్లు ఆడటం లేదు. పదకొండేళ్లలో ఒక్క శుక్రవారం కూడా నేను అలా చూడలేదు.

"ఏంటి, కబుర్లు లేవా?"

"మానేసినాం," అంది పైడితల్లత్త. "సెప్తే అరిగిపోద్దంట కదా. మీ పెద్దమ్మ సెప్పినాది. ఉన్నదేదో దాసుకుంతన్నాం."

"పైడితల్లి కడుపు ఉబ్బిపోతన్నాది, మాటలు లోపలుండిపోయి," అంది బోడెమ్మ. ఎవరూ నవ్వలేదు.

పెద్దమ్మ తల ఎత్తకుండానే అంది, "కళా, ఒకటడుగుతాను. నాను సూసినానంతావేటే?"

"అదేంటి పెద్దమ్మా?"

"రేతిరంతా తలుసుకుంతన్నాను. ఆ వేను కనిపిస్తన్నాది. కానీ అది నా కళ్లకి కనిపించిందో, ఎర్రయ్యమ్మ సెప్తే కనిపిస్తన్నాదో... మిసను అబద్దమాడదు కదా. నువ్వే నడుపుతావు దాన్ని." దారం పంటితో తెంపింది. "నాను సూడకపోతే, మరి ఆయన్ని ఎవరు సూసినట్టు?"

తక్కెడ తప్పని చెప్పొచ్చు. హాలు నిండా పెద్దవాళ్లకు చెప్పాను, ఏమైందో చూశాను. ఊరుకోలేక, వాళ్ల పక్కన కూలబడి, వల అంచు ఒళ్లోకి లాక్కున్నాను. చిన్నప్పుడు విన్నట్టే మొదలుపెట్టాను.

"ఆ రోజు నేను కళ్లంలో చేపలు తిరగేస్తన్నాను. ఎండ నడినెత్తిన ఉంది. నల్ల వ్యాను వచ్చి ఆగింది."

వాళ్ల చేతులు ఆగాయి. నాకు రంగు గుర్తులేదు నిజంగానే.

"అందులోంచి ముగ్గురు దిగారు. బూట్లు టకటకలాడించుకుంటా వచ్చారు. మా ఆయన చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. నా చేతికిచ్చి, ఇంటికి పో అన్నాడు..."

"నల్లదేటి?" అంది పెద్దమ్మ.

నేను ఆగాను.

"నల్లది కాదే. బూడిద్రంగు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాది. ముగ్గురేటి, నలుగురు. ఒకడు దిగనేదు, లోపలే కూకున్నాడు." గొంతు పెరిగింది. "ఇంటికి పో అననేదు. 'కత్తి అట్టుకో' అన్నాడు, అంతే. బూట్లేటే? ఆ ముందరోడికి బూట్లు నేవు. రబ్బరు సెప్పులు. ఎడం కాలి సెప్పు వారు తెగిపోతే పిన్నీసు ఎట్టుకున్నాడు. ఇంత పెద్ద తుపాకీ అట్టుకుని, సెప్పుకి పిన్నీసు!"

పదకొండేళ్లలో ఆమె ఇచ్చిన వాంగ్మూలాలు నలభై మూడు. అన్నీ చదివాను. రబ్బరు చెప్పులు అన్నిట్లో ఉన్నాయి. పిన్నీసు ఒక్కదాంట్లో కూడా లేదు.

నా బుర్ర వెంటనే తన పని తాను చేసింది. ఇప్పుడే పుట్టిందా ఇది? నాలుగేళ్ల ఉద్యోగం నేర్పిన అనుమానం అది, చెబితే పోయేది కాదు. పైడితల్లత్త మెల్లిగా అందుకుంది.

"ఎడం కాలు కాదే నూకాలూ. కుడికాలు."

"ఎడం కాలే!"

"నాకు ఎదురుగా వచ్చినాడే! నాకెడం పక్క కనిపించినాది, అంటే ఆడికి కుడే కదా!"

"నువ్వు నీల్లతొట్టి కాడున్నావు. నీకు ఈపు కదే కనిపించేది!"

"ఈపు నీకు కనిపించినాది!"

ఎప్పుడూ ఎవరికీ చెప్పని పిన్నీసు కోసం ఇద్దరూ వల వదిలేసి, కళ్లం ఎక్కడ, తొట్టి ఎక్కడ, వ్యాను ముక్కు ఎటు ఉంది అని అరుగు మీద వేళ్లతో గీస్తూ కొట్టుకుంటున్నారు. ఒకరి మాట ఒకరు చెప్పడం ఎందుకో అప్పుడు నాకు తెలిసింది. గుర్తుపెట్టుకోవడానికి కాదు. ఇంకొకరు తప్పు చెబితే కాదనడానికి. ఈ పదకొండేళ్లలో వాళ్లు ఒకరి మాట ఒకరు తప్పు లేకుండా నేర్చేసుకున్నారు. తప్పు చెప్పేవాళ్లే లేకపోయారు.

పుస్తకం తీసి గబగబా రాసుకుంటున్నాను. చటుక్కున ఆగాను.

"పెద్దమ్మా, ఆపు. ఇంక చెప్పొద్దు. ఇది పచ్చిది. పందొమ్మిది రోజులు దాచుకుంటే తక్కెడ ముందు..."

పెద్దమ్మ నావైపు తిరిగింది. మొహం ఎర్రబడి ఉంది. సభ అయిన దగ్గర్నుంచి ఎవరి మొహంలోనూ చూడనిది ఒకటి అందులో ఉంది. ఆమెకు అనుమానం లేదు.

"దాస్తే మాత్రం ఎండదేటే? ఉప్పేసి దాసినా ఎండుద్ది." వల అంచు నా ఒళ్లోకి విసిరింది. "ఇలాటివి ఇంకెన్నున్నాయో ముందర నన్ను సూసుకోనీ. సెప్పు. మరేటి తప్పు సెప్తావో సెప్పు."

పుస్తకం మూసేశాను. వల సర్దుకుని, నాకు గుర్తున్నంతలో మళ్లీ తప్పు చెప్పడం మొదలుపెట్టాను.